ఆశపడని చేప

గాలానికి చిక్కినవాడు ఆశపడ్డాడనే అనుకుంటాం. వానపాముని గుచ్చినప్పుడు ఈ లెక్క సరిపోతుంది. రబ్బరు కప్ప దగ్గరే తేడా కొడుతుంది.

కొల్లిపర కాలవలో కొర్రమీను కోసం ఆ కప్పనే కట్టాను. దాని కొక్కేలు రెండూ వీపుకి ఆనుకుని పైకి ఉంటాయి, గుర్రపుడెక్కలో తట్టుకోవు. అల్లిక దారం, గట్టి కర్ర. రీలు డ్రాగ్ బాగా బిగించాలి. దారం వదిలిందంటే చేప నాచులోకి దూరిపోతుంది. ఇంతవరకూ ఇంజనీరింగే, నాకు భలే సరదా.

ఒడ్డు వార నీళ్ళ మీద ఎర్రగా కొర్రపిల్లల గుంపు తేలింది. "అందులోకే విసురు, కొట్టి తీరుద్ది" అన్నాడు బాబాయ్. నిజమే. కింద కాపలా ఉన్న తల్లో తండ్రో ఆకలి లేకపోయినా కప్ప మీద పడుతుంది, పిల్లల జోలికొచ్చిందని. (దీన్ని ప్రేమ అనొచ్చా? ఏమో.) ఇక్కడ చేప ఆశ ఏముంది?

పట్టి వదిలేస్తే సరిపోదా అంటారు. ఆ కాసేపట్లో పిల్లల్ని వేరే చేపలు మింగేస్తే? కూటి కోసం పట్టేవాళ్ళని నేనేమీ అనలేను. నాకా అవసరం లేదు కదా.

"విసరవేంట్రా?"

డ్రాగ్ ఇంకా బిగిస్తున్నట్టు నటించాను. గుంపు మెల్లగా తూటికాడల కిందకి వెళ్ళిపోయింది.