ఏడవనాటి సంతోషం

పుట్టిన ఏడవ రోజున మనం అఖీఖా చేస్తాం. అప్పటికి ఆ పసికందు సాధించిందేమీ లేదు. అల్లాహ్ ప్రసాదించాడన్నదే ఆ సంతోషానికి కారణం. మరి పదవ తరగతి ఫలితాలనాటికి ఆ కారణం ఏమైపోతోంది? మార్కులు తెచ్చినవాడికి మిఠాయి, తప్పినవాడికి మౌనం!

తనకు పదిమంది సంతానమున్నా ఒక్కరినీ ముద్దాడలేదని అఖ్రా బిన్ హాబిస్ (రజి) అన్నప్పుడు, దయ చూపనివాడు దయకు నోచుకోడని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ). అప్పుడాయన ముద్దాడిన మనవడు హసన్ (రజి) ఏ పరీక్షా నెగ్గలేదు.

ముద్దుచేస్తే చెడిపోతారని మన అవనిగడ్డ పెద్దలూ అంటుంటారు. లేని గొప్ప అంటగడితే చెడతారు, నిజమే. ఆప్యాయత వేరు. 1977 నవంబరు 19 ఉప్పెనలో బిడ్డలను పోగొట్టుకున్న దివిసీమకు ఆ తేడా చెప్పనక్కర్లేదు.

బషీర్ (రజి) ఒక్క కుమారుడికే కానుకిస్తే దానికి సాక్షిగా ఉండటానికి దైవప్రవక్త (స) ఒప్పుకోలేదు. ఫలితాలనాటి మిఠాయి కూడా కానుకే కదా.