చవక సరుకూ అపరిగ్రహమూ

తక్కువ ధరకు కొనడం గుణమా, దోషమా అన్న ప్రశ్నకు భారతీయ నీతిశాస్త్రం ఒక్కమాటలో సమాధానం చెప్పదు. ఖర్చుకు వెనుకాడే మనిషిని ఒకచోట లోభి అని నిందిస్తుంది, మరొకచోట మితవ్యయపరుడని మెచ్చుకుంటుంది. పతంజలి యోగసూత్రాలలో అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యాల తర్వాత ఐదవ యమంగా వచ్చే అపరిగ్రహం ఈ విచారణకు మరింత అక్కరకు వస్తుంది. ఏ భోగ్యవస్తువులోనైనా సంపాదించడంలోని కష్టం, కాపాడుకోవడంలోని బెంగ, పోగొట్టుకోవడంలోని దుఃఖం, దానిమీద పెరిగే మమకారం, దాని వెనుక జరిగే హింస అనే ఐదు దోషాలను గుర్తించి దానిని స్వీకరించకపోవడమే అపరిగ్రహమని వ్యాసభాష్యం వివరిస్తుంది. ఈ వివరణలో ధర ప్రసక్తి లేదు. ఎంతకు కొన్నాడని గాక, ఏమి చూచి మానుకున్నాడని అది అడుగుతుంది. ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న నార్తాంప్టన్‌లో ఒక కుటుంబం వారపు సరుకులు ఎక్కడ కొంటుందన్న సంగతిని ఈ దృష్టితో పరిశీలించవచ్చు, ఎందుకంటే ఆ దేశంలో సూపర్‌మార్కెట్ పేరు వింటే చాలు, కొన్నవారి అంతస్తును జనం అంచనా వేసుకుంటారు.

నార్తాంప్టన్ పాదరక్షల పట్టణం. 17వ శతాబ్దపు అంతర్యుద్ధ కాలంలోనే సైన్యాలకు బూట్లు కుట్టి పంపిన ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టును నేటికీ ‘కాబ్లర్స్’, అనగా చెప్పులు కుట్టేవారు, అనే పిలుస్తారు. 1829లో మొదలైన ట్రికర్స్, 1879 నాటి క్రాకెట్ అండ్ జోన్స్ వంటి కంపెనీలు ఇక్కడ తయారుచేసే తోలు బూట్ల జత ధర ఈనాడు వందల పౌండ్లలో ఉంటుంది. 1776లో వెలువడిన ‘దేశాల సంపద’లో ఆడమ్ స్మిత్ నిత్యావసరం అంటే ఏమిటో చెప్పడానికి ఎంచుకున్న ఉదాహరణలలో తోలు బూట్లు ఒకటి కావడం ఈ సందర్భంలో గమనించదగినది. ప్రాణం నిలుపుకోవడానికి కావలసినవే కాక, ఏవి లేకపోతే పరువుగా బతికే నిరుపేద సైతం నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడో అవి కూడా నిత్యావసరాలేనని ఆయన వాదించాడు. ఇంగ్లండులో స్త్రీపురుషులిద్దరికీ బూట్లు ఆ కోవలోకి వస్తాయనీ, స్కాట్లండులో దిగువ శ్రేణి స్త్రీలు వట్టి కాళ్లతో నడిచినా వారి పరువుకు లోటు రాదనీ చూపాడు. స్మిత్ చెప్పింది వస్తువు లేకపోవడంవల్ల కలిగే సిగ్గు. సూపర్‌మార్కెట్ల కాలంలో వస్తువు ఇంట్లోనే ఉంటుంది. అది ఏ దుకాణంనుంచి వచ్చిందన్నదే దాచుకోవలసిన సంగతి అవుతుంది.

జర్మనీలోని ఎసెన్ పట్టణంలో ఆల్బ్రెక్ట్ కుటుంబం నడిపిన చిన్న కిరాణా కొట్టునుంచి పెరిగిన ఆల్డి 1990లో బర్మింగ్‌హామ్‌లో తన తొలి బ్రిటిష్ దుకాణం తెరిచింది. అదే దేశానికి చెందిన లిడ్ల్ 1994లో వచ్చింది. డిస్కౌంట్ సూపర్‌మార్కెట్లని పిలిచే వీటిలో ధర తగ్గేది పండగ రాయితీలవల్ల కాదు, దుకాణం నడిపే పద్ధతివల్ల. పెద్ద సూపర్‌మార్కెట్‌లో ఇరవై ముప్ఫై వేల రకాలుంటే ఆల్డిలో దొరికేవి సుమారు 2,000; వాటిలో అధికభాగం సొంత పేర్లతో చేయించుకున్నవే; సరుకు వచ్చిన అట్టపెట్టెను పైభాగం చించి అలాగే అరలోకి తోస్తారు; పొట్లానికి పలు వైపులా బార్‌కోడ్ ఉండడంవల్ల బిల్లు వేసేవారు దానిని తిప్పి చూడనక్కరలేదు; కొన్నవారు గబగబా అన్నీ ట్రాలీలో వేసుకుని, కాస్త ఎడంగా ఉన్న బల్లమీదికి చేర్చి అక్కడ సంచులు సర్దుకోవాలి. వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడనిదే బిల్లు చెల్లించలేని జాతికి ఇది చిన్న కష్టం కాదు.

తొలి ఏళ్లలో బ్రిటిష్ మధ్యతరగతి ఈ దుకాణాలను చిన్నచూపు చూచింది. ఆల్డి సరుకును ఖరీదైన సూపర్‌మార్కెట్‌గా పేరున్న వెయిట్రోజ్ సంచిలో పెట్టుకుని వీధి దాటడం మీద హాస్యోక్తులు పుట్టాయి. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఆ వైఖరి మారుతూ వచ్చి, 2022లో ఆల్డి మోరిసన్స్‌ను దాటి బ్రిటన్‌లో నాలుగవ పెద్ద సూపర్‌మార్కెట్ అయింది. నేడు విందుకు పిలిచినవారే వైన్ సీసా లిడ్ల్‌లో ఎంత తక్కువకు దొరికిందో చెప్పి మెప్పు పొందుతున్నారు. ఫ్రెంచ్ సామాజికశాస్త్రవేత్త పియర్ బోర్దియూ 1979లో ప్రచురించిన గ్రంథంలో అవసరం నేర్పిన అభిరుచి వేరనీ, అవసరానికి ఎడంగా బతకగలిగినవారి అభిరుచి వేరనీ చూపాడు. సీసా ధర చాటుకునేవాడు రెండవ కోవకు చెందినవాడు: అతడు ఇంకెక్కడైనా కొనగలడని అతిథులకు తెలుసు గనుకనే అతని పొదుపు చమత్కారంగా కనబడుతుంది. అదే దుకాణంలో ఒక్కో వస్తువు ధరను మనసులో కూడుకుంటూ వచ్చి, చేతిలో ఉన్న డబ్బుకు మించిందని బిల్లు దగ్గర వెన్న పొట్లం పక్కన పెట్టే స్త్రీ పొదుపును ఎవరూ మెచ్చుకోరు. సరుకు ఒకటే, ధర ఒకటే, ఒకరికి అది నేర్పు, మరొకరికి లేమి. లోభం కోసం వెతికే నీతివేత్తకు ఇక్కడ ఎదురయ్యేది అరిషడ్వర్గంలో ఐదవదైన మదం. సంచి మార్చి దాచుకున్నప్పుడూ అదే ఉంది, ధర చెప్పి చాటుకున్నప్పుడూ అదే ఉంది.

పైగా పొదుపుకు కూడా పెట్టుబడి కావాలి. పేదలే ఎక్కువ చెల్లిస్తారన్న సంగతిని అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ కాప్లోవిట్జ్ 1963లోనే గ్రంథస్థం చేశాడు. 1968లో న్యూటౌన్‌గా, అంటే ప్రభుత్వ ప్రణాళిక ప్రకారం పెంచదగిన పట్టణంగా, ప్రకటించిన తర్వాత నార్తాంప్టన్ తూర్పువైపు విస్తరించింది. అటువంటి ఊళ్లలో కారు ఉన్నవారికి చవక దుకాణం దగ్గర, కారు లేనివారికి వీధి చివరి చిన్న కొట్టు దగ్గర, ఆ కొట్టులో ధరలు ఎక్కువ. ఒకేసారి నెలకు సరిపడా కొని ఫ్రీజర్‌లో దాచుకోగలిగినవాడి మితవ్యయాన్ని సద్గుణంగా లెక్కించి, పూటకింత కొనుక్కునేవాడిని దుబారా మనిషిగా చూడడం కంటే అన్యాయమైన తూకం మరొకటి ఉండదు.

తెలుగు పాఠకులకు ఈ తేడా కొత్తది కాదు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చిననాటినుంచీ చౌకధరల దుకాణం కోట్లమంది కడుపు నింపింది, అయినా కోటా బియ్యం తింటున్నామని చెప్పుకోవడానికి జంకే ఇళ్లు ఎన్నో. తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాదినాడు సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టినప్పుడు జరిగిన చర్చలో రుచితో పాటు గౌరవం మాట కూడా వినిపించింది. మరోవైపు డీమార్ట్‌లో ఎంత మిగిలిందో చెప్పుకోవడానికి హైదరాబాద్ మధ్యతరగతికి ఏ సంకోచమూ లేదు. ఒకచోట చవక ఇంకొకరు పెట్టినది, మరొకచోట తాను పట్టుకొచ్చినది. దానం పుచ్చుకునే చేయి కిందికి ఉంటుందన్న పాత భావన లెక్కలోకి రావడంవల్లనే ధర రెండుచోట్లా తక్కువైనా పరువు ఒకచోటే తగ్గుతుంది. బ్రిటన్‌కు వలసవెళ్లిన తెలుగు కుటుంబం పాలూ ఉల్లిపాయలూ ఆల్డిలో, కందిపప్పూ సోనామసూరీ ఇండియన్ స్టోర్‌లో కొంటూ పౌండ్లను రూపాయల్లోకి మార్చుకుంటున్నంత కాలం అక్కడి దుకాణాల అంతస్తులు దానికి పట్టవు. పిల్లలు బడిలో స్నేహితులను సంపాదించుకున్న తర్వాత మెల్లగా పడతాయి.

అపరిగ్రహానికి వ్యాసభాష్యం చెప్పిన ఐదు దోషాలలో చివరిదైన హింస దగ్గర నార్తాంప్టన్ ప్రాంతానికే చెందిన ఒక చెప్పులు కుట్టే మనిషి ప్రస్తావన తప్పదు. విలియం కేరీ 1761లో ఆ జిల్లాలోని పాలర్స్‌పరీ గ్రామంలో పుట్టి, 1783లో నార్తాంప్టన్‌లో నీన్ నదిలో బాప్తిస్మం పొంది, తర్వాత బెంగాల్‌లోని శ్రీరాంపూర్ చేరి 1814లో తెలుగు వ్యాకరణాన్ని అచ్చువేశాడు. దేశం విడవకముందు, 1792లో, మతప్రచార బాధ్యతపై వెలువరించిన పుస్తకంలో అతడు ఒక చిన్న ఇంటిలెక్క వేశాడు: బానిసల శ్రమతో పండిన వెస్టిండీస్ చక్కెరను కొన్ని కుటుంబాలు మానేశాయి, దానివల్ల చేతులకు రక్తపు మరక తప్పడమే కాక వారానికి ఆరు పెన్నీలో, ఒక షిల్లింగో మిగిలింది, ఆ మిగులును సత్కార్యానికి ఇవ్వవచ్చు. కేరీకి భాష్యకారుడి పేరు తెలిసి ఉండే అవకాశం అప్పటికి దాదాపు లేదు, కాని వస్తువులోని హింసను చూచి మానుకోవడం అచ్చంగా అపరిగ్రహమే; అందులో చక్కెర ఖరీదైనదా, చవకదా అన్న మీమాంస లేదు.

ఈ దృష్టితో చూస్తే, చవక సరుకు వెనుక ఎవరినో పిండి ఉంటారు గనుక ఖరీదైన దుకాణంలో కొనడమే ధర్మమన్న మధ్యతరగతి సమాధానం కూడా నిలవదు. పెద్ద సూపర్‌మార్కెట్లు తమకు సరుకు అందించేవారిని సక్రమంగా చూస్తున్నాయో లేదో పర్యవేక్షించడానికి బ్రిటిష్ ప్రభుత్వం 2013లో ఏర్పాటుచేసిన అధికారి ఏటా సరఫరాదారుల అభిప్రాయం సేకరిస్తాడు. అందులో చాలా ఏళ్లు ప్రథమస్థానం ఆల్డికే దక్కింది. అయితే ఆ సర్వేకు జవాబిచ్చేవారు సూపర్‌మార్కెట్‌కు నేరుగా సరుకు అమ్మే వ్యాపారులు. పొలంలో టమాటాలు కోసే కూలీని ఎవరూ అడగరు, ఆ టమాటా ఆల్డికి వెళ్లినా వెయిట్రోజ్‌కు వెళ్లినా.