కలిసివచ్చిన రోజు

సుఖంగా గడిచిన రోజును చూసి భయపడే అలవాటు మనలో చాలామందికి ఉంది. పిల్లలు పగలబడి నవ్వుతుంటే, "ఇంత నవ్వు వద్దర్రా, తరువాత ఏడుస్తారు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అడ్డుపడతారు. ఒంట్లో బాగుందని పైకి అంటే దిష్టి తగులుతుందేమోనని నాలుక కరచుకుంటాం. మంచి రోజు వస్తే దానిని మనసారా ఆనందించవచ్చునా? ఆనందిస్తే ఎలా ఆనందించాలి? చిన్నదిగా కనిపించినా ఇది నీతికి సంబంధించిన ప్రశ్నే. దీనిని ఒక కఠినమైన ఆటలో పెట్టి చూద్దాం. అక్కడ మంచి రోజులు అరుదు గనుక వాటి స్వభావం తేటగా తెలుస్తుంది.

ఆ ఆట పేరు ట్రయథ్లాన్. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేయాలి. అందులో దూరపు పోటీని ఐరన్‌మ్యాన్ అంటారు. 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఆపైన 42.2 కిలోమీటర్లు పరుగెత్తాలి. 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఒఆహు ద్వీపంలో ఇది మొదటిసారి జరిగింది. బయలుదేరినవారు 15 మంది, ముగించినవారు 12 మంది. గెలిచిన గోర్డన్ హాలర్‌కు దాదాపు 11 గంటల 47 నిమిషాలు పట్టింది.

పోటీ ఒక్క రోజే. సాధన మాత్రం నెలల తరబడి. తెల్లవారకముందే లేవాలి. నిన్నటి అలసట తీరకముందే నేటి దూరం మొదలుపెట్టాలి. మన శరీరం శ్రమిస్తున్నప్పుడు కాక, ఆ తరువాతి విశ్రాంతిలో బలపడుతుంది. అందుచేత లోపల శక్తి పెరుగుతున్నా పైకి అలసటే కనిపిస్తుంది. నివురుగప్పిన నిప్పు వంటిది ఆ శక్తి. ఎప్పుడో ఒకనాడు నిద్ర చాలుతుంది, ఎండ తగ్గుతుంది, గాలి వెనకనుంచి వీస్తుంది. ఊపిరి, అడుగు ఒకదానితో ఒకటి కలుస్తాయి. సైకిలు తనంతట తానే పోతున్నట్టు ఉంటుంది. సాధన చేసేవారు ఎంతో కాలం ఎదురుచూసే రోజు అది.

ఆ రోజును పాడుచేసుకునే దారులు మూడున్నాయి. మొదటిది భయం. ఇంత బాగుంటే రేపు ఏ దెబ్బ తగులుతుందోనని లెక్కలు వేసుకుంటూ, ఉన్న సుఖాన్ని చేజార్చుకోవడం. రెండవది అత్యాశ. కాళ్ళు తేలికగా ఉన్నాయి కదా అని 20 కిలోమీటర్లు అనుకున్నచోట 30 పరుగెత్తి, మరునాడు మోకాలు పట్టుకొని కూర్చోవడం. మూడవది గర్వం. మొదటి పోటీ కాగితాల్లోనే, ముగించినవారు జీవితాంతం గొప్పలు చెప్పుకోవచ్చునని నిర్వాహకులు సరదాగా రాశారు. సరదా వరకు మంచిదే. కాని "ఇది పూర్తిగా నా కష్టార్జితం" అని నిజంగా నమ్మితే, ఒక ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంటుంది. నిన్న కూడా ఇంతే కష్టపడ్డాం కదా, నిన్న ఎందుకు రాలేదు?

మంచి రోజు కూలి కాదు. కూలి అయితే పనిచేసిన ప్రతి రోజూ చేతికి రావాలి. అది అప్పు కూడా కాదు. రేపటి ఏడుపుతో వడ్డీ కట్టించుకునేవాడెవడూ దాని వెనక కూర్చొని లేడు. అలాగని ఒట్టి అదృష్టమూ కాదు. ఏనాడూ సైకిలు ఎక్కనివాడికి వెనకగాలి వల్ల ఒరిగేదేమిటి? రైతును చూడండి. దున్నినంత మాత్రాన వాన రాదు. కాని వాన వచ్చిననాడు దున్నినవాడికే అది పంట అవుతుంది. సాధన మన పని. మంచి రోజు మన చేతికి అందే వరం.

ఆనందం పని ముగిశాక ఇచ్చే బహుమానం కాదని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం పదవ భాగంలో వివరించాడు. పని చక్కగా సాగుతున్నప్పుడు దానితోపాటే పుట్టి దానికి నిండుదనం ఇస్తుందట, నిండు వయసులో ఉన్నవారి ముఖాన కళ వచ్చినట్టు. చేసే పనిని ఇష్టపడేవాడే ఆ పనిలో రాణిస్తాడని కూడా అంటాడు. అంటే మంచి రోజున ఆనందించడం బద్ధకం కాదు, అహంకారమూ కాదు. ఆ పనిని పూర్తిగా చేయడంలో అదీ ఒక భాగమే.

అమెరికాలోని స్పొకేన్ నగరానికి చెందిన సిస్టర్ మడోన్నా బ్యూడర్ 1930లో పుట్టారు. ఒక గురువు సలహాతో 48వ ఏట పరుగు మొదలుపెట్టారు. 2012లో, 82వ ఏట, కెనడాలో ఐరన్‌మ్యాన్ ముగించారు. ఆమె పడి ఎముకలు విరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఇరవై ఏళ్ళ వయసులో మంచి రోజు మన హక్కులా కనిపిస్తుంది. ఎనభై దాటాక అది హక్కు కాదని శరీరమే చెబుతుంది. అయినా ఆమె సాధన మానలేదు. హక్కు కాదని తెలిసినవారే దానిని చేతులు చాచి అందుకోగలరు.

ఇంకొక మాట మరువరాదు. భర్త ఆదివారం ఐదు గంటలు సైకిలు తొక్కితే, ఆ ఐదు గంటలు పిల్లలను సముదాయించినది భార్య. పూజకు వాళ్ళను తయారుచేసినదీ ఆమే. భార్య పరుగుకు వెళితే పాలు కాచినది అత్తగారు. ఒకరి మంచి రోజులో ఇంటిల్లిపాది శ్రమ ఉంటుంది. ఆ సంగతి గుర్తించకపోతే మన ఆనందం దొంగసొత్తు అవుతుంది. అనుకున్న వేళకు ఇల్లు చేరి, "ఈ రోజు చాలా బాగుంది, నీవల్లనే వెళ్ళగలిగాను" అని చెప్పడం అందరికీ చేతనైన పని.

ఈ మాటలు ఆటగాళ్ళకే కాదు. కీళ్ళ నొప్పులతో మంచం పట్టిన అమ్మమ్మ ఒక ఉదయం లేచి, తన కాళ్ళ మీద తానే గుడిదాకా నడిచి వస్తుంది. "రోజూ ఇలా నడవవచ్చు కదా" అని అనకండి. "మళ్ళీ నొప్పి వస్తుంది, కూర్చో" అని కూడా అనకండి. ఆమె పక్కన నెమ్మదిగా నడవండి. రేపటి నొప్పి సంగతి రేపు చూసుకోవచ్చు.