వెల యెవరు చెల్లించుచున్నారు?

ధ్యానభాగము: 2 సమూయేలు 24:18–25



యెబూసీయుడైన అరౌనా తన కళ్లమును, ఎడ్లను దావీదు రాజునకు ఊరకనే యియ్యవచ్చెను. దావీదు ఒప్పుకొనలేదు. ఏబది తులముల వెండి యిచ్చి కొనిన తరువాతనే అచ్చట బలిపీఠము కట్టెను. ఊరక వచ్చినదానికి కూడ ఎవరో ఒకరు వెల చెల్లింతురని ఆయన యెరుగును. ఈ సంగతిని నేడు మన యింటి టీవీ విషయములో ఆలోచింపవలసి యున్నది.

వరంగల్ జిల్లా గ్రామములలో కేబులు తీగయు, డిష్షు గొడుగును ఉన్న యిండ్లలోనికే ఇప్పుడు ఇంటర్నెట్టు ద్వారా బొమ్మలు తెచ్చు చిన్న పెట్టెలును, టీవీ వెనుక గ్రుచ్చు స్టిక్కులును వచ్చుచున్నవి. వాటిని సొమ్మిచ్చియే కొనుచున్నాము. అయినను స్విచ్చి వేయగానే అనేక పెట్టెలలో మనము కోరిన పాటకంటె ముందు ఎవరో కంపెనీవారి ప్రకటన కనబడును. అమెజాన్ ప్రైమ్ వీడియోవారు 2025 జూన్ 17 నుండి మన దేశములో చందా కట్టినవారికి సహితము ప్రకటనలు చూపసాగిరి. అవి వద్దనువారు నెలకు మరి 129 రూపాయలు కట్టవలెనని ఏర్పరచిరి.

ఇది యెట్టి వ్యాపారము? ఏనుమాముల మార్కెట్టుకు రైతు పత్తి తెచ్చును, వ్యాపారి కొనును, కాటా ఇద్దరి కన్నుల యెదుట నుండును. టీవీ వ్యాపారములో కాటా మీద పెట్టబడినవారము మనమే. మన చూపు, మన పిల్లల చూపు ప్రకటనదారులకు అమ్మబడుచున్నది. ఆ కాటా మాత్రము మనకు కనబడదు. అమెరికాలో విజియో అను టీవీ కంపెనీ, కోటి పది లక్షల టీవీలలో ఎవరేమి చూచుచున్నారో వారి సమ్మతి లేకుండ సేకరించినదను ఆరోపణపై, 2017లో 22 లక్షల డాలర్లు చెల్లింపవలసి వచ్చెను.

ప్రకటన పాపమని చెప్పుట లేదు. దూరదర్శన్‌వారి ఫ్రీ డిష్‌కు నెలచందా లేదు; అందులో ప్రకటనలు వచ్చునని అందరును ఎరుగుదురు. చందా కట్టలేని బీదవాని యింటికి అది వార్తలను తెచ్చుచున్నది. ఆ బేరము బహిరంగమైనది. దాచిన బేరములోనే కీడున్నది. సొమ్ము పుచ్చుకొని అమ్మిన పిదపను ఆ వస్తువు అమ్మినవాని మాటయే వినుచుండుట న్యాయమా?

వేరొక మార్గము కలదు. కోడీ అను ప్రోగ్రాము ఉచితముగా దొరకును. దాని లోపలి వ్రాతను ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును. రాస్ప్‌బెర్రీ పై అను అరచేతిలో ఇముడు కంప్యూటరులో దానిని వేసి టీవీకి కలిపినయెడల, మనయొద్దనున్న పాటలను, చిత్రములను ప్రకటన లేకుండ చూడవచ్చును. అయితే ఆ కంప్యూటరును కొనవలెను. అమర్చుటకు ఓపికయు, పని తెలిసిన యువకుని సాయమును కావలెను. చందా సేవలన్నియు అందులో సరిగా రావు. ఇదియు వెలయే. కాని యిది ముందుగానే తెలిసిన వెల.

ఇచ్చట ఒక శోధన పొంచియున్నది. అన్ని సినిమాలు ఉచితమని, ప్రకటనలు లేవని చెప్పి అమ్ము చౌక పెట్టెలున్నవి. చిత్రము తీసినవారి కష్టమును దొంగిలించి ప్రకటనను తప్పించుకొనుట స్వాతంత్ర్యమగునా? దావీదు రాజు గనుక బలవంతముగానైనను తీసికొనగలడు. అయినను వెల యిచ్చెను. అంతేగాక, పేరులేని ఆండ్రాయిడ్ పెట్టెలు కొన్ని అమ్మకమునకు ముందే చెడు ప్రోగ్రాములతో నింపబడి వచ్చుచున్నవని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్.బి.ఐ. హెచ్చరించెను.

కాబట్టి కుటుంబ పెద్దలారా, పెట్టె కొనునప్పుడు దాని ధర మాత్రమే అడిగి ఊరకుండకుడి. మిగిలిన వెల ఎవరు, దేనితో చెల్లింతురని కూడ అడుగుడి. పోయిన రూపాయి కూలి చేసి తిరిగి సంపాదించుకొనవచ్చును. ప్రకటనల యెదుట గడచిపోయిన పిల్లల సాయంకాలములను ఏ సంతలో కొని తేగలము?