ఒక గుడ్డంత తేడా

పోయినేడు తుర్కపల్లిలో ఒక క్లయింట్ దగ్గర మూడు నెలలు పనిచేశాను. శామీర్‌పేట దాటాక వచ్చే ఈ ఊరిని బయటివాళ్ళు జీనోమ్ వ్యాలీ అంటారు. భారత్ బయోటెక్ ఇక్కడే, ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఇక్కడే. ల్యాబుల్లో యంత్రాలిచ్చే రీడింగులను డేటాబేస్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. నేను అద్దెకున్న ఇంటావిడ అంగన్‌వాడీలో ఆయా. ఒక మధ్యాహ్నం "సారూ, మా టీచరమ్మ ఫోన్ల ఒక్క ఫోటో గూడ వస్తలేదు, జర చూస్తరా" అని తీసుకెళ్ళింది. ఫోన్‌కేమీ కాలేదు, మెమరీ నిండిపోయింది. వాట్సాప్‌లో పేరుకుపోయిన గుడ్‌మార్నింగులు చెరిపేస్తూ ఓ అరగంట అక్కడే కూర్చున్నాను.

నలుగురు గర్భిణులు భోంచేస్తున్నారు. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో నడుస్తున్న పథకం ఇది. గర్భిణులకీ బాలింతలకీ అంగన్‌వాడీలోనే ఒక పూట పూర్తి భోజనం, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. షరతు ఒకటే: అక్కడే కూర్చుని తినాలి. గోడవైపు కూర్చున్న ఆమె అన్నం తిన్నది, పాలు తాగింది, గుడ్డు మాత్రం మెల్లగా కొంగులో ముడి వేసుకుంది. టీచర్ చూడనే చూసింది.

"ఈడ్నే తినమ్మా. ఇంటికి కొంటవోతే నీ కడుపుల బిడ్డకేం దక్కుతది?"

"పెద్దోనికి జ్వరం టీచరమ్మా, రెండు దినాల సంది బడికి పోతలేడు. గుడ్డంటే పానం వానికి."

"నాకు తెల్వదా? తిను."

ఆమె తలొంచుకుని తినేసింది.

నాకు టీచర్ మీద కోపం వచ్చింది. పెరిగిన మనిషిని ఎదురుగా నిలబడి తినిపించడం ఏమిటి? ఆరోజు రాత్రి ఫోన్‌లో మా ఆవిడకి ఇదే చెప్పాను. తనకప్పుడు ఐదో నెల. కార్పొరేట్ ఆసుపత్రిలో రాసిచ్చిన ప్రోటీన్ పౌడర్ డబ్బా వంటింట్లో ఉంది. తను తాగిందా, నేను తాగానా, సింకులో పోసిందా అని ఎవరూ అడగరు. డబ్బున్నవాళ్ళ ఇష్టాన్ని ఇష్టం అంటాం. లేనివాళ్ళ ఇష్టం దగ్గరికొచ్చేసరికి దానికి కాపలా కావాలి.

ఇంతవరకూ నా వాదన నాకు బాగానే ఉంది. అమ్మకి చెప్తే తను నవ్వింది. నేను కడుపులో ఉన్నప్పుడు నానమ్మ రెండోసారి అన్నం పెట్టనిచ్చేది కాదట. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని. అందులో దుర్మార్గమేమీ లేదు. కాన్పులో చనిపోయినవాళ్ళని కళ్ళారా చూసిన తరం అది, దాని భయం దానికుంది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది అమ్మ తినేది. "మరి నీకు ఆకలేసేది కాదా?" అంటే, "ఆకలేస్తే? అడుగుతామా?" అంది. ఇంటికి పట్టుకెళ్ళిన గుడ్డు ఆ ఇంట్లో ఎటుపోయి ఉండేదో నాకు అర్థమైంది.

ఇక్కడే హైదరాబాద్ చుట్టుపక్కల జరిగిన ఒక అధ్యయనం గుర్తుచేసుకోవాలి. 1987 నుంచి 1990 వరకూ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రంగారెడ్డి జిల్లాలోని 29 ఊళ్ళను తీసుకుంది. (ఆ రోజుల్లో శామీర్‌పేట కూడా ఆ జిల్లాలోదే.) పదిహేను ఊళ్ళలో గర్భిణులకీ, బాలింతలకీ, ఆరేళ్ళలోపు పిల్లలకీ రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా పెట్టారు. తల్లికి సుమారు 500 కేలరీలు, పిల్లలకి 300. మిగతా పద్నాలుగు ఊళ్ళు పోల్చి చూడటానికి. ఉప్మా పెట్టిన ఊళ్ళలో పుట్టిన పిల్లల సగటు బరువు 61 గ్రాములు ఎక్కువ ఉంది. 61 గ్రాములంటే దాదాపు ఒక గుడ్డు.

అదేమంత తేడా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ పరిశోధకులు ఆ పిల్లల్ని పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో మళ్ళీ వెతికి పట్టుకుని 1165 మందిని కొలిచారు. 2008లో బీఎంజేలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. ఇన్సులిన్‌కి వాళ్ళ శరీరం మెరుగ్గా స్పందిస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. ఊళ్ళను లాటరీ తీసి ఎంపిక చేయలేదు కాబట్టి ఈ తేడా మొత్తాన్నీ ఉప్మా ఖాతాలో వేయలేం. అయినా తల్లి తిన్నది పిల్లల రక్తనాళాల దాకా వెళ్ళి ఉండొచ్చన్న ఊహకి ఈ లెక్కలు బలమిచ్చాయి.

నన్ను పట్టుకుని వదలనివి ఆ పద్నాలుగు ఊళ్ళు. మా ఆఫీసులో కొత్త ఫీచర్ని ముందు కొందరికే ఇచ్చి చూస్తాం, మిగతావాళ్ళని కంట్రోల్ అంటాం. బటన్ రంగు రెండు వారాలు ఆలస్యంగా మారితే ఎవరికీ నష్టం లేదు. ఈ ఊళ్ళ విషయంలో శాస్త్రవేత్తలు ఎవరి నోటి దగ్గరిదీ లాగేయలేదు, అది నిజం. ఐసీడీఎస్ విడతల వారీగా విస్తరిస్తోంది, ఆ ఊళ్ళకి ఇంకా రాలేదు, ఉన్న క్యూనే వాళ్ళు వాడుకున్నారు. ఈ సమర్థన నాకు అర్థమవుతుంది. రోజూ నేను చేసే పనికి నేను చెప్పుకునేదీ ఇదే.

మరి క్యూ ఎవరు పెట్టారు? ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైంది. పిల్లలున్న ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని సుప్రీంకోర్టు 2001లో ఒకసారి చెప్పి, 2006లో మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అప్పటికి ముప్పై ఒక్కేళ్ళు. రోడ్డు ఆలస్యమైతే వచ్చాక నడవొచ్చు. గర్భంలో బిడ్డకి తర్వాతి విడత ఉండదు. ఆ తొమ్మిది నెలలూ అయ్యాక వచ్చే ఉప్మా తర్వాత పుట్టబోయేవాళ్ళకే. నేను 1988లో పుట్టాను. ఆ పద్నాలుగు ఊళ్ళ పిల్లలు ఇప్పుడు నా వయసువాళ్ళు. వాళ్ళు తమకి దక్కనిదేమిటో తెలియకుండానే టీనేజీలో మళ్ళీ చేతులు చాచి రక్తం ఇచ్చారు. మనకి తెలిసిందానిలో సగం వాళ్ళిచ్చిందే. దీన్ని అప్పు అనాలనిపిస్తుంది నాకు. ఎవరు తీర్చాలో, ఎలా తీర్చాలో మాత్రం తేలడం లేదు.

"పొట్టిగా ఉంటే ఏం, ఆరోగ్యంగా ఉన్నారు కదా" అనేవాళ్ళు ఉంటారు. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త దీన్నే సిద్ధాంతంగా చెప్పాడు: ఓ మోస్తరు ఎదుగుదల లోపం శరీరం చేసుకున్న సర్దుబాటేనని. పోషకాహార సంస్థకి ఒకప్పుడు డైరెక్టర్‌గా ఉన్న సి. గోపాలన్ దాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. పేదవాడి కొలతని పేదవాడికి సరిపోయే కొలతగా ఒప్పుకుంటే ఇక పేదరికాన్ని కదిలించే పనే ఉండదన్నది ఆయన బాధ. అంగన్‌వాడీ గోడ మీద వేలాడే ఎదుగుదల చార్టు ఈ తగువులో ఒక పక్షం తీసుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఆ ప్రమాణాలు పిల్లలు ఎలా పెరుగుతున్నారో చెప్పవు, ఎలా పెరగాలో చెప్తాయి. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు దక్షిణ ఢిల్లీలో కలిగిన కుటుంబాల పిల్లల్నీ కొలిచి చేసినవి. సరైన తిండీ సంరక్షణా ఉంటే అన్ని చోట్లా పిల్లలు ఇంచుమించు ఒకేలా పెరిగారు. ఆ కొలత ప్రకారం తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 28 శాతం, 2019-21 సర్వేలో 33 శాతం. ఇన్ని ల్యాబులున్న రాష్ట్రంలో.

ఇదంతా చదివాక కూడా ఆ గుడ్డు ముడి నన్ను వదల్లేదు. ఆమె చేసింది తప్పని ఇప్పటికీ అనలేను. జ్వరంతో ఉన్న ఎనిమిదేళ్ళవాడు కళ్ళెదుట కనిపిస్తాడు, కడుపులోవాడు ఏ సగటులోనో ఉంటాడు. అద్దె కట్టడానికి వెళ్ళినప్పుడు ఇంటావిడతో ఈ మాట అన్నాను, పాపం ఆమెని అలా బలవంతపెట్టకుండా ఉండాల్సింది అని.

ఆమె నన్ను వింతగా చూసింది. "బలవంతం ఏంది సార్? ఇంట్ల అత్త అడుగుతది గుడ్డేదని. నేనే తిన్న అని చెప్పనీకి నోరొస్తదా? తేనిస్తలేరు, ఈడ్నే తినమంటున్రు అంటే అయిపాయె. మేం తిట్టేది గందుకే."

ఆ నియమం ఎవరి మీద కాపలానో నేను తలకిందులుగా చూశానన్నమాట. అయినా ఒక ఆడమనిషి తన గుడ్డు తాను తినడానికి టీచర్ తిట్టిందన్న సాకు కావాల్సి రావడం నాకింకా మింగుడుపడలేదు. పిల్లవాడి సంగతి అడిగాను. జ్వరం తగ్గిందట, సోమవారం నుంచి బడికి పోతున్నాడట.