తెరవని ఫైలు

ఒక చిన్న వెబ్ పత్రికకి వచ్చే కథల్ని ముందుగా చదివి ఏరే పని కొన్నాళ్ళు చేశాను. ఒకసారి ఎవరో పెద్దాయన అను ఫాంట్లలో టైపు చేసిన కథ పంపారు. తెరిస్తే అక్షరాలన్నీ గజిబిజి. యూనికోడ్‌లోకి మార్చుకోవడం పది నిమిషాల పని. కానీ ఆ రోజు నా ముందు ఇంకో నలభై కథలున్నాయి. 'తర్వాత చూద్దాంలే' అని పక్కన పెట్టాను. ఆ 'తర్వాత' రాలేదు.

థామస్ రాయెన్ గురించి చదువుతుంటే ఆ ఫైలు గుర్తొచ్చింది.

రాయెన్ జర్మనీలోని బింగెన్ అనే చిన్న ఊళ్ళో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాడు. అంతకుముందు మందుల కంపెనీలో ఉద్యోగం. 2014 జులైలో, 67 ఏళ్ళ వయసులో, పళ్ళు తోముకుంటుంటే ఆయనకో ఉపాయం తట్టింది. నలభై ఏళ్ళకి పైగా ఎవరికీ లొంగని గాసియన్ కోరిలేషన్ ఇనీక్వాలిటీ దాంతో తేలిపోయింది.

విషయం చెప్పడం తేలికే. గోడ మీద ఒకే కేంద్రం చుట్టూ ఒక వృత్తం, ఒక దీర్ఘచతురస్రం గీయండి. ఆ కేంద్రానికి గురిపెట్టి డార్టులు విసరండి. అవి గంట ఆకారపు లెక్క ప్రకారం మధ్యలో ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా పడతాయనుకుందాం. వృత్తంలో పడే సంభావ్యత 0.5, దీర్ఘచతురస్రంలో పడేది 0.6 అయితే, రెండింట్లోనూ పడేది కనీసం 0.3. కేంద్రానికి అటూ ఇటూ ఒకేలా ఉండే ఏ కుంభాకార ఆకారాలకైనా ఇది వర్తించాలి. రెండు డైమెన్షన్లలో లోరెన్ పిట్ 1977లో నిరూపించాడు. ఎన్ని డైమెన్షన్లకైనా నిజమేనని చూపించడం మాత్రం కాన్వెక్స్ జామెట్రీలో తలపండినవాళ్ళకీ కుదరలేదు.

రాయెన్ నిరూపణ కొద్ది పేజీలే. కానీ గణితజ్ఞులంతా లేటెక్‌లో రాస్తుంటే ఆయన వర్డ్‌లో టైపు చేశాడు. అలహాబాద్ నుంచి వచ్చే, పెద్దగా ఎవరూ చూడని పత్రికలో వేసుకున్నాడు. దాని సంపాదకవర్గంలో ఆయనా ఒకరు. ఈ రంగంలో పేరున్న ఒకాయనకి ఇదే సమస్య మీద మూడు నిరూపణలు ఒకేసారి అందాయట. ఒకటి చూస్తే తప్పు దొరికింది, టైము లేక మిగతావి పక్కన పెట్టాడు. వాటిలో రాయెన్‌ది ఒకటి. 2015లో లతావా, మాత్‌లాక్ అనే ఇద్దరు పోలండ్ గణితజ్ఞులు దాన్ని తీరుగా తిరగరాశారు. అయినా 2017 దాకా చాలామందికి సంగతే తెలీదు.

అహంకారం అనేస్తే మనకి సుఖంగా ఉంటుంది. కానీ ఆయన అనుమానంలో అన్యాయం లేదు. తప్పుడు నిరూపణలే ఎక్కువగా వస్తాయి. అన్నీ చదువుతూ కూర్చుంటే సొంత పని సాగదు. ఫాంటు చూసి నేను వేసుకున్న లెక్క కూడా సగటున సరైనదే అయుండచ్చు. కాకపోతే, ఆ పెద్దాయనకి అందింది సగటు కాదు, మౌనం. సంభావ్యతలు నావైపు, వాటి ఫలితం మొత్తం ఆయనవైపు.

ఇంకో తేడా ఉంది. రాయెన్‌ని ఎవరూ చదవకపోయినా ఆ అసమానత నిజమే. ఇవాళ కాకపోతే రేపు ఇంకెవరో నిరూపించేవాళ్ళు. ఆ కథని మాత్రం ఇంకెవరూ రాయలేరు. అంటే, ఆయన కంటే నేనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది.

పత్రిక ఆగిపోయి చాన్నాళ్ళయింది. ఆ మెయిల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కుంటున్నాను.