సుమారుగా

ఇంటర్‌లో కెమిస్ట్రీ సారు చెప్పిన చిట్కా ఒకటుంది. గ్యాస్ సమీకరణంలో ఆర్ విలువ 0.0821 కనిపిస్తే 1/12 అనేసుకోండి, అని. ఎంసెట్‌లో కాలిక్యులేటర్ ఉండేది కాదు కదా! 300 కెల్విన్ దగ్గర ఆర్‌టీ 25 అవుతుంది. అసలు విలువ 24.63. తేడా ఒకటిన్నర శాతం. ఆప్షన్లు దూరదూరంగా ఉంటే ఇది చాలు.

ప్రాక్టికల్స్‌లో నా బ్యూరెట్ 9.7 చూపించింది. పక్కవాడికి 10.0 వచ్చిందని నేనూ 10.0 రాసేశాను. మూడు శాతమేగా!

ఒకటిన్నర ఒప్పయితే మూడు తప్పెలా అయింది? లెక్కలో ఎంత వదిలేస్తున్నానో చూసుకునే వదిలేశాను. ల్యాబ్‌లో మాత్రం కళ్లారా చూసింది దాచేసి, పక్కవాడి అంకె నాదన్నాను. మార్కులు పూర్తిగా పడ్డాయి. రికార్డు ఇంకా ఇంట్లోనే ఉంది, ఆ 10.0 పక్కన ఎర్రసిరా టిక్కుతో సహా.